కంప్యూటరు పని అటకెక్కితే?

సైన్సు ప్రదర్శనకు మీరు ఇంట్లో కంప్యూటరు మీద ప్రాజెక్టు రాస్తున్నారనుకోండి. ఒక పక్క పది వెబ్ పేజీలు, మరో పక్క బొమ్మలు దిద్దే ప్రోగ్రాము, మధ్యలో మీ రాత. ఉన్నట్టుండి మౌసు బాణం కదలనని మొండికేస్తుంది. డిస్కు దీపం ఆగకుండా మిణుకుమంటూనే ఉంటుంది. లేదా మెమరీ చాలడం లేదని ఒక హెచ్చరిక తెర మీదికి వస్తుంది, ఆ వెంటనే మీ రాత ఉన్న ప్రోగ్రామే మూతపడిపోతుంది. రెండు గంటల శ్రమ గాలికి పోయినట్టే గదా!

ఇంతలో ఒకరు "వర్చువల్ మెమరీ పెంచు" అంటారు. మరొకరు "దాన్ని తీసిపారెయ్యి, వేగం పెరుగుతుంది" అంటారు. ఎవరి మాట వినాలి? అసలు ఆ వర్చువల్ మెమరీ ఏమిటో తెలిస్తే జవాబు మీకే దొరుకుతుంది.

మీ వంటింట్లోకి ఒకసారి చూడండి. పొయ్యి పక్కన గట్టు మీద రోజూ వాడే గిన్నెలుంటాయి. పండుగలకు వాడే పెద్ద గుండిగలు అటక మీద ఉంటాయి. గట్టు చిన్నది, కాని చెయ్యి చాపితే చాలు. అటక పెద్దదే, కాని నిచ్చెన వెయ్యాలి. కంప్యూటరులో గట్టు వంటిది ర్యామ్. అటక వంటిది డిస్కు. ర్యామ్ నిండిపోయినప్పుడు, అప్పటికి అవసరం లేని సమాచారాన్ని డిస్కు మీద ఒక ఫైలులో దాచి, కావలసినప్పుడు మళ్ళీ దించుకోవడమే ఈ ఏర్పాటు. విండోస్ యంత్రాలలో ఆ ఫైలును పేజ్ ఫైల్ అంటారు, లినక్సులో స్వాప్ అంటారు.

అద్దంలో మీ ముఖం అద్దం వెనుక ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడ నిజానికి ఏమీ లేదు. దాన్నే మిథ్యా ప్రతిబింబం అని చదువుకున్నారు. ఇంగ్లీషులో దాని పేరు వర్చువల్ ఇమేజ్. ఇక్కడా అంతే. ప్రోగ్రాముకు తన సమాచారమంతా ర్యామ్‌లోనే వరుసగా ఉన్నట్టు కనిపిస్తుంది. నిజంగా ఏ ముక్క ఎక్కడుందో ఆపరేటింగ్ సిస్టమ్ పట్టిక రాసుకుంటుంది. ఆ ముక్కకు పేజీ అని పేరు. ఇంట్లో వాడే కంప్యూటర్లు చాలావాటిలో ఒక పేజీ 4 కిలోబైట్లు, అంటే 4,096 బైట్లు. 4 గిగాబైట్ల ర్యామ్‌లో ఎన్ని పేజీలు పడతాయో లెక్క కట్టండి. 10,48,576 రావాలి.

ఈ ఆలోచన ఇప్పటిది కాదు. ఇంగ్లాండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ బృందం ఫెరాంటి కంపెనీతో కలిసి అట్లాస్ అనే కంప్యూటరును నిర్మించింది. 1962 డిసెంబరులో దాన్ని ప్రారంభించారు. దాని అసలు మెమరీలో పట్టేవి 16,384 మాటలు మాత్రమే. ఇక్కడ మాట అంటే 48 బిట్ల ముక్క. ఇంకో 98,304 మాటలు గిరగిర తిరిగే అయస్కాంత డ్రమ్ముల మీద ఉండేవి. అంతకుముందు ఏ సమాచారం ఎప్పుడు డ్రమ్ము మీద నుంచి దించాలో ప్రోగ్రాము రాసేవారే తలబద్దలు కొట్టుకుని తేల్చుకోవలసి వచ్చేది. అట్లాస్‌లో ఆ చాకిరీ యంత్రమే చేసింది. డ్రమ్ములతో సహా ఆ మెమరీ మొత్తం కలిపినా ఈనాటి ఫోనులో తీసే ఒక్క ఫొటోకే చాలకపోవచ్చు!

మరి అటక ఉన్నంత మాత్రాన ఎంత వంటైనా చెయ్యవచ్చునా? ఇక్కడే చాలామంది పొరబడతారు. ర్యామ్ నుంచి ఒక ముక్క అందడానికి సుమారు సెకనులో కోటవ వంతు చాలు. తిరిగే హార్డు డిస్కు నుంచి రావాలంటే సుమారు సెకనులో నూరవ వంతు పడుతుంది. అంటే లక్ష రెట్లు ఆలస్యం. గట్టు మీది గిన్నె ఒక్క సెకనులో అందితే, అటక మీదిది దిగడానికి దాదాపు 28 గంటలన్నమాట! ఈ మధ్య వచ్చిన ఎస్ఎస్‌డి డిస్కులు చాలా మెరుగే, కాని అవీ ర్యామ్‌కు సాటి రావు.

ఇంటి నిండా చుట్టాలు దిగారనుకోండి. ప్రతి వంటకానికీ అటక మీది గిన్నె కావాలి. ఒకటి దించాలంటే మరొకటి పైకెక్కించాలి. ఎక్కడం దిగడమే గాని పొయ్యి మీద ఏమీ ఉడకదు. కంప్యూటరుకు పట్టే ఈ అవస్థను థ్రాషింగ్ అంటారు. ఇది ఎందుకు వస్తుందో పీటర్ డెన్నింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1968లో వివరించాడు. నడుస్తున్న ప్రోగ్రాములకు ఆ క్షణాన కావలసిన పేజీలన్నీ ర్యామ్‌లో పట్టాలి. పట్టకపోతే అటక ఎంత పెద్దదైనా ఒకటే.

ఇప్పుడు మీ కంప్యూటరుకు వచ్చిన రోగమేదో చూద్దాం. విండోస్ 10 లేదా 11 అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ అన్న చోట "కమిటెడ్" కింద రెండు అంకెలుంటాయి. మొదటిది ప్రోగ్రాములకు ఇచ్చిన మాట. రెండోది ర్యామ్, పేజ్ ఫైల్ కలిపి ఉన్న హద్దు.

మొదటి అంకె రెండోదానికి చేరువైతే చోటు అయిపోతున్నదన్నమాట. హెచ్చరికలు వచ్చేది అప్పుడే. పేజ్ ఫైల్‌ను ఎవరో తీసేసి ఉండవచ్చు, మరీ చిన్నదిగా పెట్టి ఉండవచ్చు, లేదా సి డ్రైవు నిండిపోయి అది పెరగలేకపోతూ ఉండవచ్చు. ముందు డ్రైవులో చోటు ఖాళీ చెయ్యండి. తరువాత స్టార్ట్ మెనూలో "అడ్జస్ట్ ది అప్పియరెన్స్ అండ్ పెర్ఫార్మెన్స్ ఆఫ్ విండోస్" అని వెతికి, అడ్వాన్స్‌డ్‌లో వర్చువల్ మెమరీ కింద ఉన్న "చేంజ్" నొక్కండి. పైనున్న "ఆటోమేటికల్లీ మేనేజ్" గడిలో టిక్కు పెట్టి, యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టండి. పెద్దల అనుమతి లేనిదే ఇది చెయ్యనివ్వదు, కనుక వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ర్యామ్‌కు ఒకటిన్నర రెట్లు పెట్టాలన్న పాత లెక్క ఇంకా చాలామంది చెబుతారు. ర్యామ్ మరీ తక్కువగా ఉన్న రోజుల లెక్క అది, ఇప్పుడు పట్టించుకోనక్కరలేదు. పేజ్ ఫైల్‌ను పూర్తిగా తీసేయమనే సలహా మాత్రం వినకండి. హద్దు తగ్గిపోయి, మీ రాత మూతపడే ప్రమాదం పెరుగుతుంది.

హద్దు దూరంగానే ఉంది, ర్యామ్ మాత్రం నిండిపోయి, డిస్కు నూటికి నూరు వంతులూ పనిలో ఉంది. ఇది థ్రాషింగ్ లక్షణం. పేజ్ ఫైల్ పెంచితే ఏమీ ఒరగదు. అదే టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసెస్ తెరిచి, మెమరీ అన్న శీర్షిక మీద నొక్కితే ఎక్కువ తినే ప్రోగ్రాము పైకి వస్తుంది. ముందు మీ రాతను సేవ్ చేసుకుని, అక్కరలేనివి మూసేయండి. రోజూ ఇదే తంతు అయితే ర్యామ్ కొనవలసిందే. కొనే ముందు మీ యంత్రానికి డిడిఆర్3 కావాలో, డిడిఆర్4 కావాలో, 5 కావాలో తప్పక చూసుకోండి. వాటి కింద ఉండే గాడి ఒక్కో రకానికి ఒక్కో చోట ఉంటుంది, ఒకదాని స్థానంలో మరొకటి దూరదు. కొన్ని ల్యాప్‌టాపులలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఉంచుతారు. వాటికి తరువాత కలపడం కుదరదు.