అంత చిన్న కారును గుద్దితే ఏమవుతుంది?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక బుల్లి కరెంటు కారు ఉంది. పక్కనున్న కార్లతో పోలిస్తే మరీ పొట్టిగా ఉంటుంది. అంత చిన్నది ఎందుకు చేశారు? పెద్ద బండి వచ్చి గుద్దితే లోపలివాళ్లకు ఏమీ కాదా?
– ఆరో తరగతి విద్యార్థిని, బాచుపల్లి, హైదరాబాద్

జవాబు: నువ్వు అడిగినవి రెండు ప్రశ్నలు. కారు ఎందుకు చిన్నదైందో తెలిస్తే రెండోది సులువుగా అర్థమవుతుంది. అందుకే అక్కడ మొదలుపెడదాం.

సాయంత్రం నిజాంపేట వైపు నుంచి బాచుపల్లికి వచ్చే కార్లలోకి చూడు. నలుగురైదుగురు పట్టే కారులో చాలాసార్లు ఒక్కరే కనిపిస్తారు. ట్రాఫిక్‌లో ఆగిపోయినా ఆ కారు తన పొడవుకు తగ్గ రోడ్డును ఆక్రమించుకునే ఉంటుంది. ఇంటికొచ్చాక సెల్లార్‌లో రెండు పిల్లర్ల మధ్య ఇమడాలి. ఊళ్లో తిరగడానికి ఇంత బండి అక్కర్లేదని చాలాకాలం కిందటే కొందరికి తోచింది. జపాన్ 1949లోనే బుల్లి కార్లకు ఒక ప్రత్యేక తరగతి ఏర్పాటు చేసింది. ఇటలీలో 1957లో మూడు మీటర్లయినా లేని ఫియట్ 500 వచ్చింది. 1956లో సూయజ్ కాలువ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలుకు కటకట ఏర్పడింది. దాని ఫలితంగా 1959లో మినీ అనే కారు పుట్టింది. మన దేశంలో 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 కూడా ఒక జపాన్ చిన్న కారు ఆధారంగా తయారైందే.

చిన్న కారు చెయ్యడం ఒక ఎత్తు, అందులో నలుగురిని కూర్చోబెట్టడం ఇంకో ఎత్తు. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో బర్గర్ ఆకారంలో ఒక బుల్లి కారు ఉంది. దాన్ని చూసి ఆనందించవచ్చు గానీ కుటుంబమంతా ఎక్కి ఊరు వెళ్లలేం. మినీని రూపొందించిన అలెక్ ఇసిగోనిస్ ఈ చిక్కునే విప్పాడు. అప్పట్లో చాలా కార్లలో ఇంజన్ ముందు భాగంలో నిలువుగా ఉండి పొడవంతా తినేసేది. ఆయన దాన్ని అడ్డంగా తిప్పాడు, చక్రాలను నాలుగు మూలలకూ జరిపాడు. దాంతో మిగిలిన చోటంతా మనుషులకు దక్కింది. మీ సెల్లార్‌లోని కారు ఎంజీ కామెట్ అనుకుందాం. దాని పొడవు 2,974 మిల్లీమీటర్లు. అందులో ఇంజనే లేదు. బ్యాటరీ నేల కింద పరిచి ఉంటుంది, మోటారు వెనక చక్రాల దగ్గర ఉంటుంది. కాబట్టి ముందు పొడవాటి ముక్కు అక్కర్లేదు. సీటు ఎత్తుగా ఉంటే మనిషి నిటారుగా కూర్చుంటాడు. కాళ్లు చాపి కూర్చున్నంత పొడవు పట్టదు. చిన్న కార్లు పొట్టిగా, ఎత్తుగా కనిపించడానికి కారణం అదే.

ఇక ముక్కు పొట్టిదైతే వచ్చే నష్టం ఏమిటో చూద్దాం. జోరుగా వచ్చే క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాం కదా. బంతి ఆగడానికి కాస్త దూరం దొరికితే చేతికి దెబ్బ తగ్గుతుంది. కారు ముందు భాగం గుద్దుకున్నప్పుడు నలగడం కూడా అందుకే. ఆ భాగాన్ని క్రంపుల్ జోన్ అంటారు. కారు నలిగిన దూరమే లోపలి మనిషి నెమ్మదిగా ఆగడానికి దొరికిన దూరం. పొట్టి కారులో ఆ దూరం తక్కువ. అందుకని అక్కడ సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగ్ ఇంకా ఎక్కువ పని చెయ్యాలి. మనుషులు కూర్చునే గది మాత్రం అస్సలు నలగకూడదు.

ఈ చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం. దానికి రుజువు కూడా ఉంది. స్కూటర్ మీద వానలో తడుస్తూ పోతున్న ఒక కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు వచ్చిన ఆలోచన నుంచి 2009లో టాటా నానో వచ్చింది. పొడవు సుమారు 3.1 మీటర్లు, బరువు సుమారు 600 కిలోలు. లక్ష రూపాయల ధరలో ఇమడాలి కాబట్టి ఒక్కటే వైపర్, ఒక్కో చక్రానికి మూడే బోల్టులు పెట్టారు. ఆ ఆశయం మీద నాకు చాలా గౌరవం. కానీ 2014లో, కార్ల భద్రతను పరీక్షించి నక్షత్రాల లెక్కన మార్కులిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఆ కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్ది చూస్తే కూర్చునే గదే కుంగిపోయింది. ఒక్క నక్షత్రమూ రాలేదు. బాడీ ఇంత బలహీనంగా ఉంటే ఎయిర్‌బ్యాగ్ పెట్టినా లాభం లేదని ఆ సంస్థ చెప్పింది. అదే ఏడాది ఐరోపాలో ఇంకా పొట్టిదైన స్మార్ట్ ఫోర్‌టూ కారుకు, పొడవు 2.7 మీటర్లే అయినా, అక్కడ ఇలాంటి పరీక్షలే చేసే యూరో ఎన్‌క్యాప్ నాలుగు నక్షత్రాలు ఇచ్చింది. మనుషుల చుట్టూ గట్టి ఉక్కు పంజరం కట్టడం దాని ప్రత్యేకత. ధర కూడా దానికి తగ్గట్టే ఎక్కువనుకో. పొట్టితనం ఒక్కటే ప్రమాదం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అయినా నీ అనుమానం నిజమే. ఎంత గట్టిగా కట్టినా బరువు తేడాను దాటలేం. 600 కిలోల కారు, 1,800 కిలోల కారు చెరో 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దుకుని అతుక్కుపోయాయనుకో. పెద్దది తన దారినే 25 కిలోమీటర్ల వేగంతో ముందుకు సాగుతుంది, చిన్నదాన్ని అదే వేగంతో వెనక్కి తోస్తుంది. పెద్దదాని వేగంలో వచ్చిన మార్పు 25. చిన్నది ముందుకు 50తో వస్తున్నదల్లా వెనక్కి 25తో పోయింది, అంటే మార్పు 75. ఒకే గుద్దులో చిన్న కారువాళ్లకు మూడింతల కుదుపు! ఆ పెద్ద కారు స్థానంలో లారీని ఊహించుకుంటే లెక్క ఇంకా కఠినం.

వేగం సంగతీ ఇలాంటిదే. 40తో పోయే కారు 80తో పోతే, గుద్దుకున్నప్పుడు అణచవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. అందుకే నేనైతే ఆ బుల్లి కారును మియాపూర్ మెట్రో దాకా, బడి దాకా, కూరగాయలకూ నిశ్చింతగా వాడతాను. వెనక కూర్చున్న పిల్లలకు కూడా బెల్టు పెట్టే బయల్దేరతాను. మల్లంపేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, గంటకు 120 దాకా పోనిచ్చే దారిలో పెద్ద బండ్ల మధ్య దాన్ని నడపను.