కుండీలోని జెముడు – దాని రోగములు, చికిత్స

జెముడునకు కూడ రోగమా యని మన సభ్యులలో కొందఱు నవ్వవచ్చును. పొలము గట్టున నెవ్వరును నీరు పోయకున్నను పెరుగుచు, నఱికినకొలది చిగిర్చెడు మొక్కకు వైద్యమెందులకని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. కాని గట్టుమీది జెముడు వేఱు, కుండీలో బంధింపబడిన జెముడు వేఱు. అదియుగాక, మన రైతులనేకులు నేడు సిమెంటు స్తంభములకు ప్రాకించి పెంచుచున్న డ్రాగన్ ఫలపు తీగయు జెముడు జాతిదే. కుండీలో తప్పు చేసినచో నొక మొక్క పోవును. తోటలో అదే తప్పు చేసినచో అప్పు తెచ్చిన సొమ్ము పోవును. ఇందువలన ఈ విషయమునకు మన పత్రికలో తావు కల్పించుట తగునని తోచినది.

ఒక వర్షకాలమున హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ చెంత నొక పాత యింటికి పోవుట తటస్థించినది. నడుమ వాకిలి, చుట్టును వసారాలు గల యిల్లు. వాకిలి మూలను పింగాణీ కుండీలో మోకాలెత్తు జెముడొకటి యొరిగియుండెను. దాని గాడులు లోనికి పీల్చుకొనిపోయి, వన్నె తగ్గియుండెను. ఆ యింటి ముసలమ్మ, "నాయనా, మా ఇంటాయన తన చేతులతో తెచ్చి పెట్టిన చెట్టు. ఎండిపోవుచున్నదని దినమునకొక చెంబెడు నీళ్ళు పోయుచునేయున్నాను. ఇరుగుపొరుగువారు ఇంకను పోయుమనుచున్నారు" అని చెప్పెను. నేను బొటనవ్రేలితో మొదలు నొక్కిచూడగా మాగిన బొప్పాయివలె లోనికి దిగబడినది. కుండీకి అడుగున రంధ్రము లేదు.

జెముడు రోగములలో నెల్ల మోసకరమైనది ఇదియే. దప్పికచేత ముడుచుకొన్న జెముడును, వేరు కుళ్ళి ముడుచుకొన్న జెముడును చూపునకొక్కతీరుగ నుండును. వేరు కుళ్ళినప్పుడు కుండీ నిండ నీరున్నను మొక్క త్రాగలేదు. కావున ఎండినట్లే కనబడును. దయగల చేయి మఱింత నీరు పోయును. ఆ నీరే దానికి విషమగును. రెంటికిని భేదము కనుగొనుట కష్టము కాదు. మన్ను పొడిగను, మొదలు గట్టిగను ఉన్నచో దప్పిక. నీరు పోసిన కొలది దినములకే తేరుకొనును. మన్ను తడిగను, మొదలు మెత్తగ, గోధుమవన్నెగనుండి దుర్వాసన కొట్టుచున్నచో కుళ్ళు. ఒక చీపురుపుల్లను కుండీ యడుగువఱకు గ్రుచ్చి తీసిచూచినను చాలును. తడిమన్ను అంటి వచ్చినచో ఆనాడు చెంబు ముట్టరాదు.

కుళ్ళునకు గల కారణమును రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. మురుగు నిలిచిన నల్లరేగడిలో మిరపమొక్క తలవాల్చుట అందఱును చూచినదే. వేళ్ళకు నీటితోపాటు గాలియు కావలెను. జెముడు విషయమున ఇంకొక విశేషమున్నది. తక్కిన మొక్కలు పగటివేళ తమ సూక్ష్మరంధ్రములు తెఱచి గాలి పీల్చుకొనుచుండగా, జెముడు రాత్రి చల్లదనమున తెఱచి, పగలు మూసికొనును. ఇట్లు అది నీటిని మిక్కిలి పొదుపుగ వాడుకొనును. దానికి మన బంతిమొక్కకు పోసినట్లు పోసినచో ఆ నీరేమగును? కుండీలో నిలిచి వేళ్ళను కుళ్ళించును.

చికిత్స కత్తితోనే. మెత్తబడిన భాగము తిరిగి గట్టిపడదు. పదునైన కత్తిని స్పిరిటుతో తుడిచి, కుళ్ళునకు పైన అడ్డముగ కోయవలెను. కోసినచోట నడుమనుండు నాళముల వలయము గోధుమవన్నెగనున్నచో రోగమింకను పైకి ప్రాకియున్నదని యర్థము. కత్తి మరల తుడిచి, మఱికొంత పైన కోయవలెను. లోపలంతయు నిర్మలమైన లేతపచ్చదనము కనబడువఱకు జాలి చూపరాదు. పిదప కోతపై గంధకపు పొడిగాని బొగ్గుపొడిగాని చల్లి, గాలి యాడెడు నీడలో పది పదునైదు దినములు ఆఱబెట్టవలెను. కోత పొక్కుగట్టి యెండిన తరువాతనే పొడి ఇసుకపాటి మన్నులో నిలుపవలెను. నాటిన వారము వఱకు నీరు పోయరాదు. చాలమంది ఈ యాఱబెట్టుట యందే ఓర్పు చాలక, కోసిన మఱునాడే నాటి మొక్కను పోగొట్టుకొందురు.

మన్ను సంగతి. ముతక ఇసుక లేక ఇటుక నలగగొట్టిన చిన్నముక్కలు రెండుపాళ్ళు, ఎఱ్ఱమన్ను ఒకపాలు, బాగుగ చివికిన పశువులెరువు ఒకపాలు కలిపినచో సరిపోవును. పచ్చిపేడ పనికిరాదు. అడుగున రంధ్రముగల మట్టికుండీయే మేలు. పింగాణీ కంటికింపు మాత్రమే. వేసవిలో మన్ను పూర్తిగ ఎండిన పిమ్మట సాయంకాలమున నీరు పోయవలెను. వానకాలమున చూరు క్రిందికి జరుపవలెను. చలికాలమున మూడు నాలుగు వారముల కొకసారి పోసినను చాలును. బోరునీటి యుప్పు మన్నుమీద తెల్లగ పేరుకొన్నచో, పైపొర తీసివేసి, వాననీరు పట్టి పోయుట మంచిది.

ఇక పురుగులు. ముండ్ల నడుమ, గాడులలో తెల్లని దూదివంటిది కనబడినచో అది పిండినల్లి. చీమలు వరుసకట్టి పైకి పోవుచున్నచో అనుమానింపవలెను. ఈ పురుగు విడిచెడు తేనెవంటి ద్రవము కొఱకు చీమలు వానిని కాపాడుచుండును. పుల్లకు దూది చుట్టి స్పిరిటులో ముంచి ఒక్కొక్కదానిని తుడిచివేసి, వారము వారము మరల చూడవలెను. ఎక్కువగనున్నచో లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనెయు, కొంచెము సబ్బును కలిపి సాయంకాలము చల్లవలెను. పైన నేమియు లేకున్నను మొక్క ఎదుగుట మానినచో, కుండీ దించి వేళ్ళు చూడుడు. వేళ్ళను పట్టు పిండినల్లి వేఱొకటి గలదు. లేతకొన గరుకుగ, తుప్పువన్నెగ మాఱి, సన్నని సాలెగూడు కనబడినచో ఎఱ్ఱనల్లి.

నాగజెముడుపై దూదివంటిది కనబడినపుడు దానిని వ్రేలితో నలిపిచూడుడు. నెత్తురువలె ఎఱ్ఱని రసము వచ్చినచో అది పిండినల్లి కాదు, రంగుపురుగు. దీనికొక పెద్ద కథ గలదు. పదునెనిమిదవ శతాబ్దపు చివర మదరాసులో డాక్టరు జేమ్సు ఆండర్సను ఎఱ్ఱరంగు వ్యాపారమునకై ఈ పురుగును పెంచ దలచి జెముడుతోట నాటించెను. 1795లో బ్రెజిలునుండి బంగాళమునకు వచ్చిన పురుగు మేలుజాతిది కాదు. రంగు కొంచెము, ఆకలి మెండు. అది యొకజాతి జెముడును తిని నిర్మూలించినది గాని, నాగజెముడును ముట్టలేదు. ఆ నాగజెముడు దక్షిణదేశమున పొలములను, పచ్చికబయళ్ళను ఆక్రమించి రైతులను బాధింపగా, 1926లో సింహళమునుండి వేఱొకజాతి రంగుపురుగును తెచ్చి విడిచిరి. కొలది యేండ్లలో నది ఆ ముండ్లపొదలను చాలవఱకు తినివేసినది. ఒకరి పంటకు చీడయైనది వేఱొకరి పొలమునకు కూలి యడుగని కూలివాడయ్యెను.

కొన్ని రోగములుగ తోచును గాని రోగములు కావు. మొదటినుండి పైకి మెల్లగ ప్రాకెడు గట్టి గోధుమరంగు బెరడు ముసలితనము మాత్రమే. నొక్కిన లోనికి పోదు. దానిని గీకి పుండు చేయవలదు. చీకటిగదిలోని జెముడు సన్నగ, పాలిపోయి, వెలుతురువైపు సాగును. సాగినభాగము తిరిగి బలియదు. అట్టిదానిని ఒక్కసారిగ మేనెల యెండలో పెట్టినచో పడమటివైపు తెల్లగ కాలి మచ్చపడును. మొదట ఉదయపుటెండలో నుంచి, రెండువారములలో క్రమముగ అలవాటు చేయవలెను. నర్సరీలలో అమ్మెడు ఎఱ్ఱని, పసుపుపచ్చని తలగల చిన్నజెముడును కొనువారు ఒకటి తెలిసికొనవలెను. ఆ తలలో పత్రహరితము లేదు. క్రింది పచ్చనికాడకు అంటుగట్టబడి దాని యన్నముతో బ్రదుకుచున్నది. కొన్ని యేండ్లకు తల చచ్చినచో అది మీ తప్పు కాదు. ఆ పచ్చనికాడ సాధారణముగ డ్రాగన్ ఫలపు తీగయే.

ఆ తీగను తోటగ వేసినవారికి ఒకమాట. అది యెడారిమొక్క కాదు. అమెరికా అడవులలో చెట్లకు ప్రాకెడు జెముడు. కావున మన వేసవియెండకు పసుపువన్నెగ మాఱి కాలును. ఆ నెలలలో నీడవల యవసరము. కాలినచోటనే తెగులు ప్రవేశించును. కాడపై చిన్న గోధుమచుక్కలు లేచి పుండ్లుగ మాఱు కాండపుతెగులు తైవాను, మలేషియా తోటలను బాధించినది. రోగపుకాడలను వాన లేని దినమున కోసి కాల్చివేయవలెను. చెట్టుచెట్టునకు కత్తెరను స్పిరిటుతో తుడువవలెను. పిదప లీటరు నీటికి మూడుగ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి చల్లవలెను. ఎత్తుబోదెలపై నాటి, నీరు నిలువకుండ చూచినచో మొదలుకుళ్ళు బెడద చాలవఱకు తగ్గును. అంటుకాడలు కొనునపుడు చౌకను చూడక, పుండు లేని కాడలను చూచి కొనుడు.

శాలిబండ జెముడును ఆనాడే కోసితిమి. ఒక్కొక్క ముక్క క్రింద పడుచుండగా ముసలమ్మ మొగము ప్రక్కకు త్రిప్పుకొనెను. అయిదవకోతకు గాని పచ్చదనము కనబడలేదు, మిగిలినది జానెడు. దానిని వసారా గూటిలో ఆఱబెట్టి, పదునాఱవనాడు మట్టికుండీలో నాటితిమి. రెండునెలల తరువాత పోయి మెల్లగ లాగిచూడగా మన్ను విడువలేదు. ఆమె చెంబునకు బదులు చీపురుపుల్ల చేతబట్టుకొని, "ఇంకను తడిగనే యున్నది నాయనా, నేడు పోయను" అనెను.