పంపు స్టార్టరులోని రిలే

మన అరకు కొండల పొరుగున మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో పనిచేయ నారంభించెను. అట్టి కేంద్రములనుండి వచ్చునది ఏకాంతర ప్రవాహము, అనగా ఏ.సీ. కరెంటు. స్వల్ప ప్రవాహముచే పెద్ద ప్రవాహమును కలుపుచు, విడదీయుచు నుండు సాధనమే రిలే. పంపు స్టార్టరు నీ సూత్రముననే పనిచేయును.

పచ్చమీట నొక్కగా తీగచుట్టలో కరెంటు పారి, లోని యినుము అయస్కాంతమై, మోటారునకు కరెంటు కలుపును. ఈ ప్రవాహము సెకనునకు 100 మార్లు సున్న యగును; అయినను ఇనుముపై నమర్చిన రాగికడియము పట్టు సడలనీయదు. కడియము విఱిగినచో స్టార్టరు గరగర మ్రోగును.

కరెంటు పోయిన పట్టు విడును. మరల వచ్చినను మీట నొక్కనిదే మోటారు తిరుగదు. ఆటో స్టార్టరున్నచోట నీ రక్షణ లేదు. మోటారు తనంత తిరుగును. కావున మెయిన్ స్విచ్చి ఆపి, ఫ్యూజులు తీసినగాని పంపును ముట్టరాదు.