అజంతాకు ఎవరు పోతారు?

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారుకు పడమటివైపున లాడ్ బజారు ఉన్నది. గాజులకు పేరుపడిన బజారు అది. ఆ బజారు వెనక ఒక సందులో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉన్నది. ఆమె తండ్రి లక్కగాజులు చేస్తాడు. తాత ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఇప్పుడు చేయి వణుకుతున్నది గనక ఆ పని మానేశాడు.

పిల్లలూ, ఆ అమ్మాయి పేరు మీకు చెప్పను. ఆమె ఒక పోటీకి వ్యాసం రాసి ఇచ్చింది. ఫలితం ఇంకా తెలియలేదు. ముందుగానే పేరు చాటితే బాగుండదు కదా!

ఆ పోటీ ఆమె చదివే బళ్ళోనే పెట్టారు. "నేను చూసిన ప్రాచీన కళ" అనే విషయం మీద నాలుగు పేజీలు రాయాలి. తన చేత్తో గీసిన బొమ్మ ఒకటి జత చెయ్యాలి. అందరికన్నా బాగా రాసినవారిని ఉపాధ్యాయులు తమ వెంట అజంతా గుహలకు తీసుకుపోతారు. రైలు ఖర్చు, భోజనం ఖర్చు అంతా బడివారిదే.

ఆ అమ్మాయి పుట్టి బుద్ధెరిగి హైదరాబాదు దాటిపోలేదు. పోటీ సంగతి విన్న రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. మర్నాడే బడి లైబ్రరీలో అజంతా గురించిన పుస్తకం తీసుకుని, రెండు రోజుల్లో నాలుగు పేజీలూ నింపేసింది.

ఆమె రాసిన సంగతులు ఇవి: మహారాష్ట్రలో వాఘోరా అనే చిన్న నది గుర్రపు లాడంలాగా వంపు తిరిగే చోట, నిట్టనిలువు కొండలో 30 గుహలు తొలిచారు. అన్నిటికన్నా పాతవి క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దం నాటివి. తక్కినవి చాలావరకు క్రీస్తు తరువాత 5వ శతాబ్దంలో, వాకాటక రాజుల కాలంలో తయారైనవి. వాటిలో బౌద్ధ భిక్షువులు ఉండేవారు. గోడలమీద బుద్ధుడి జాతక కథలు చిత్రించారు. రాతిమీద మట్టి, పేడ, ఊక కలిపి మెత్తారు. ఆపైన పలచగా సున్నం పూశారు. దానిమీద జేగురుతో ఎరుపు, దీపపు మసితో నలుపు, పచ్చమట్టితో పసుపు వేశారు. నీలానికి మాత్రం లాజవర్ది అనే రాయిని ఆఫ్ఘనిస్తాన్ వైపునుంచి తెప్పించారు. తరువాత ఆ గుహలను లోకం మరిచిపోయింది. 1819లో జాన్ స్మిత్ అనే ఆంగ్ల సైనికోద్యోగి పులివేటకు పోయి వాటిని చూసి, మళ్ళీ లోకానికి తెలియజేశాడు.

వ్యాసాన్ని డ్రాయింగు సారుకు చూపించింది. ఆయన ఓపికగా అంతా చదివి, "ఇందులో తప్పు ఒక్కటీ లేదు. కాని పోటీ ‘నేను చూసిన’ అన్నది. ఇది నువ్వు చూసింది కాదు, పుస్తకం చూసింది," అన్నాడు.

"చూడకుండా ఎట్లా రాసేది సారూ? చూడడానికే గదా ఈ పోటీ!" అన్నది ఆ అమ్మాయి, ఏడుపు మొహం పెట్టి.

"అజంతా గురించి రాయమని నిన్ను ఎవరన్నారు? అజంతాకు పోయి చూడగల కన్ను ఎవరికున్నదో తెలుసుకునేందుకు ఈ పోటీ. కూచో, ఒక కథ చెబుతాను," అన్నాడు సారు.

ఆయన చెప్పిన కథ ఇది.

అజంతా బొమ్మలు గాలికీ, చెమ్మకూ, గబ్బిలాలకూ పాడవుతున్నాయని గ్రహించి, వాటి ప్రతులు గీయడానికి చాలామంది పూనుకున్నారు. మొదటివాడు రాబర్ట్ గిల్ అనే సైనికోద్యోగి. ఆయన 1844 నుంచి దాదాపు 20 ఏళ్ళు ఆ పనే చేశాడు. ఆ ప్రతులను లండనులో క్రిస్టల్ ప్యాలెస్‌లో ఉంచారు. 1866లో అక్కడ నిప్పంటుకుని దాదాపు అన్నీ తగలబడిపోయాయి. తరువాత బొంబాయి చిత్రకళాశాలలో ఉపాధ్యాయుడైన జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులను వెంటబెట్టుకుపోయి, 1872 నుంచి 1885 దాకా మళ్ళీ ప్రతులు గీయించాడు. అవీ లండను చేరాయి. 1885లో అక్కడా నిప్పంటుకుని వాటిలో చాలా పోయాయి. ఆ తరువాత జపాను చిత్రకారుడు అరాయ్ కంపో వచ్చి గీసుకుపోయిన ప్రతులు 1923లో టోక్యో నగరంలో భూకంపం వచ్చినప్పుడు బూడిదయ్యాయి.

"అయ్యో!" అన్నది ఆ అమ్మాయి.

"ఆ మధ్య జరిగిన సంగతి ఇంకొకటి ఉన్నది, విను," అన్నాడు సారు.

1909లో క్రిస్టియానా హెరింగ్‌హామ్ అనే ఆంగ్ల చిత్రకారిణి మళ్ళీ ప్రతులు గీయడానికి అజంతా వచ్చింది. ఆమెకు తోడుగా కలకత్తా చిత్రకళాశాలనుంచి కుర్రవాళ్ళు వచ్చారు. వాళ్ళలో నందలాల్ బోస్ ఒకడు. మన రాజ్యాంగం మూలప్రతిలోని పేజీలను తన శిష్యులతో కలిసి బొమ్మలతో అలంకరించినవాడు ఆయనే. అప్పట్లో అజంతా ప్రాంతం హైదరాబాదు సంస్థానంలో ఉండేది. అందుచేత హైదరాబాదునుంచి కూడా ఇద్దరు ఆ పనికి వెళ్ళారు. వారు సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్. అందరూ ఫర్దాపూరు గ్రామం దగ్గర డేరాలు వేసుకుని ఉంటూ, గుహల చీకట్లో కూచుని బొమ్మలు ఎత్తి రాశారు. వారు గీసిన వాటితో 1915లో లండనులో ఒక పుస్తకం వెలువడింది.

సయ్యద్ అహ్మద్ అంతటితో ఆగలేదు. 1914లో హైదరాబాదు సంస్థానంలో పురావస్తు శాఖ ఏర్పడింది. గులాం యజ్దానీ దానికి అధిపతి. ఆ శాఖ తరఫున సయ్యద్ అహ్మద్ అజంతా గుహలకు సంరక్షకుడై, ఎన్నో ప్రతులు గీశాడు. అవి మన ఊరి పబ్లిక్ గార్డెన్స్‌లోని ప్రదర్శనశాలకు చేరాయి.

సారు కథ ముగించి, "చూశావా? బొమ్మను ఉన్నది ఉన్నట్టు చూసి, చూసింది చూసినట్టు గీయగలిగినవాళ్ళకే ఆ పని దక్కింది. నువ్వూ ముందు మన ఊళ్ళో ఉన్నదాన్ని చూడు. అయితే ఒక నియమం ఉన్నది. అది 300 ఏళ్ళకు తక్కువ వయసుది కాకూడదు," అన్నాడు.

ఆ ఆదివారం ఆ అమ్మాయి తాతను వెంటబెట్టుకుని సాలార్ జంగ్ మ్యూజియంకు వెళ్ళింది. అక్కడ ఉన్న బొమ్మలన్నిటిలోకీ ఆమెకు నచ్చింది ముసుగులో రెబెకా. ఒకే పాలరాతిలో మనిషినీ, మొహంమీది పలచని ముసుగునూ చెక్కాడు ఇటలీ శిల్పి బెంజోనీ. ముసుగు రాయే, ముసుగు చాటునుంచి కనిపించే కళ్ళూ రాయే! ఆమె గంటసేపు అక్కడే నిలబడిపోయింది. కాని కింద రాసి ఉన్నది చదివేసరికి ఉత్సాహమంతా నీరుకారిపోయింది. మొదటి సాలార్ జంగ్ 1876లో రోము నగరానికి వెళ్ళినప్పుడు కొని తెచ్చిన బొమ్మ అది. చెక్కి 150 ఏళ్ళు. అందమైనదే కాని, సారు చెప్పిన లెక్కకు చాలదు!

ఇంటిదారి పట్టారు. పత్తర్‌గట్టీ దగ్గరికి వచ్చేసరికి తాత ఆగి, "బిడ్డా, రోజూ నువ్వు ఈ దారినే బడికి పోతావు. లోపలికి ఎన్నడైనా తొంగిచూశావా?" అన్నాడు.

అది బాద్షాహీ ఆషూర్‌ఖానా. మొహరం నెలలో ఆలములు నిలిపేందుకు మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన భవనం. 1591లో చార్మినారు కట్టించినవాడే ఆయన. ఆషూర్‌ఖానా ఆ తరువాత కొద్ది ఏళ్ళకే లేచింది. దాని గోడలకు పింగాణి పెంకుల అలంకారం 1611 ప్రాంతంలో పూర్తి అయింది. అంటే 400 ఏళ్ళు దాటింది!

చెప్పులు విప్పి, అక్కడి పెద్దమనిషి అనుమతి తీసుకుని ఇద్దరూ లోపలికి వెళ్ళారు. గోడలనిండా నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగులు. ఆలముల ఆకారాలు, పూలకుండీలు, ఆరు మూలల పలకల అల్లికలు. పెద్ద పలకమీద బొమ్మ వేసి అతికించింది కాదు అది. ఒక్కొక్క రంగు పెంకునూ విడిగా కత్తిరించి, ఒకదాని పక్కన ఒకటి ఇమిడ్చి కూర్చారు. పువ్వులో ప్రతి రేకూ ఒక విడి ముక్క!

అమ్మాయి కాగితం తీసి గీయడం మొదలుపెట్టింది. తాత కొంతసేపు ఊరుకుని, "గోడకు ఎదురుగా కాదు. పక్కకు వచ్చి, ఏటవాలుగా చూడు," అన్నాడు.

ఆమె పక్కకు వచ్చి చూసింది. గోడ పైభాగం వెలుతురుకు తళతళమన్నది. కిందిభాగం కొన్నిచోట్ల మెరవలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే, ఆ చోట్ల ముక్కకూ ముక్కకూ నడుమ అతుకే లేదు. అది పెంకు కాదు, ఉత్త రంగు!

"1908లో మూసీ పొంగి ఊరు ముంచినప్పుడు నీళ్ళు ఇక్కడిదాకా వచ్చినయ్. అడుగున ఉన్న పెంకులు పాడైపోతే, ఆ చోట రంగులతో పైదానిలాగే రాశారు. నేను బోర్డులు రాసినవాణ్ణి గనక నాకు తెలిసింది," అన్నాడు తాత.

అమ్మాయి తన బొమ్మలో సన్నని గీత ఒకటి గీసింది. గీతకు పైన ఉన్నది పెంకు, కింద ఉన్నది రంగు అని రాసింది. ఒకచోట పువ్వు సగమే మిగిలి ఉన్నది.

"తక్కిన సగం కూడా గీసెయ్యి, బొమ్మ నిండుగా ఉంటుంది," అన్నాడు తాత.

"లేనిది గీస్తే చూసినట్టు కాదు తాతా," అని ఆమె ఆ చోటు ఖాళీగా ఉంచేసింది.

ఇంకో మూడు సెలవుదినాలు అక్కడికి పోయి ఆమె బొమ్మ పూర్తిచేసింది. వ్యాసం కూడా కొత్తగా రాసింది.

వ్యాసం ఇచ్చే ముందు రాత్రి దాన్ని ఇంట్లో అందరికీ చదివి వినిపించింది. తండ్రి కుంపటి ముందు కూచుని, లక్కను వేడిచేసి కడ్డీలాగా సాగదీసి, గాజుగా వంచుతూ వింటున్నాడు. ఆఖరున ఆ అమ్మాయి, పాతవాటిని కాపాడటం ఎంత కష్టమో చెప్పేందుకు అజంతా పుస్తకంలో చదివిన సంగతి ఒకటి రాసింది. 1920లో యజ్దానీగారి కాలంలో ఇటలీనుంచి చెక్కోనీ, ఓర్సీనీ అనే ఇద్దరు నిపుణులను రప్పించారు. గోడనుంచి పొరలు పొరలుగా ఊడుతున్న బొమ్మలను వాళ్ళు రెండేళ్ళు శ్రమపడి మళ్ళీ గోడకు అంటించారు. రంగులు రాలకుండా పైన లక్క కరిగించి పూశారు.

తండ్రి చేయి ఆగిపోయింది. "ఏం పూశారు?" అన్నాడు.

"లక్క, బాపూ. మన లక్కే!"

మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలమీద బతికే చిన్న పురుగులు తమ చుట్టూ కట్టుకునే జిగురే లక్క అని మీరు చదివే ఉంటారు. సారాలో కరిగించి పూస్తే అదే మెరిసే పొర అవుతుంది.

"శుద్ధిచేయని లక్క తేనెరంగులో ఉంటుంది బిడ్డా. ఏళ్ళు గడిచినకొద్దీ ముదురుతుంది, పెళుసవుతుంది. బొమ్మల రంగు మారిపోలేదూ?" అన్నాడు తండ్రి.

ఆయన అన్నది నిజమే. ఆ పూత కాలక్రమాన పచ్చబడి, నల్లబడి, బొమ్మల అసలు రంగులను కప్పేసింది. తరువాతి కాలంలో పురావస్తు శాఖలోని రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని కొద్దికొద్దిగా, ఎంతో జాగ్రత్తగా తొలగించవలసి వచ్చింది. ఇటలీవారు చేసినది చెడ్డపని కాదు. వారు అంటించకపోతే కొన్ని బొమ్మలు ఈపాటికి నేలమీద మట్టి అయి ఉండేవి. కాని ఒక వస్తువు ఇవాళ ఎట్లా ఉన్నదో చూస్తే చాలదు, నూరేళ్ళకు ఎట్లా మారుతుందో కూడా ఆలోచించాలి. పుస్తకంలో లేని ఆ మాట ఆ అమ్మాయికి తన ఇంటి కుంపటి దగ్గరే దొరికింది. అప్పటికప్పుడే దాన్ని వ్యాసం చివర చేర్చింది.

వ్యాసం ఇచ్చి పదిరోజులయింది. అదే తరగతిలో చక్కగా రాసేవాళ్ళు, ఆమెకన్నా బాగా బొమ్మలు గీసేవాళ్ళు ఉన్నారు. ఒకడు గోల్కొండ కోటను గీశాడు. ఇంకొక పిల్ల కుతుబ్ షాహీ సమాధుల గురించి రాసింది. ఎవరికి వస్తుందో చెప్పలేము. ఆ అమ్మాయి రోజూ నోటీసు బోర్డు చూసి వస్తున్నది. అట్లాగే బడికి పోతూ వస్తూ ఆషూర్‌ఖానా గుమ్మంలోనుంచి ఒకసారి లోపలికి చూస్తున్నది.

తండ్రి కూడా ఆశపడుతున్నాడు. కాని ఆయన కోరింది ఒక్కటే. "నీకే వస్తే పోయి చూడు బిడ్డా. ఆ గోడలమీద మన లక్క ఇంకా ఎక్కడన్నా మిగిలి ఉన్నదేమో చూసి, ఏ రంగుకు వచ్చిందో నాకు చెప్పు," అన్నాడు.

"ఏటవాలుగా చూస్తాను బాపూ," అన్నది ఆ అమ్మాయి.