తాళాలిచ్చే ముందే తేలాల్సిన లెక్క

పాత కట్టడం పడగొట్టి కొత్తది కడతాం, అంతవరకు వేరేచోట సర్దుకోండి, పూర్తవగానే మీ ఇల్లు మీకే. ముంబైలో ఈ మాట వినని పాత పేటలు తక్కువ. సెస్సు కట్టే పాత భవనాల మరమ్మతుకు, పునర్నిర్మాణానికి 1969లోనే అక్కడ ప్రత్యేక చట్టం వచ్చింది. అప్పటికి అలాంటి భవనాలు 19,600కు పైనే. మనకు పట్టని ఊరి గొడవ అనుకోనక్కర్లేదు. తెలుగు నేల నుంచి వెళ్లిన కామాఠీ కూలీల వల్లే కామాఠీపురకు ఆ పేరొచ్చింది. బట్టల మిల్లులు నడిచిన రోజుల్లో ఎన్నో పద్మశాలి కుటుంబాలు ఆ నగరంలోని చాళ్లలో, అంటే వరుస గదుల ఉమ్మడి భవనాల్లో స్థిరపడ్డాయి. నేడు కామాఠీపుర కూడా పునర్నిర్మాణానికి సిద్ధమవుతోంది. ముంబై అనుభవం చూస్తే నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. ఇల్లు ఖాళీ చేసినవారు తిరిగొస్తారా లేదా అన్నది బిల్డరు మంచితనం మీద ఆధారపడదు. వాళ్లు గడప దాటే రోజుకు ఎంత సొమ్ము, ఏ గడువు, ఎవరి పూచీ కాగితం మీదికి ఎక్కాయో దాన్నిబట్టే అది తేలుతుంది.

గోరేగావ్‌లోని పత్రా చాల్ సంగతే తీసుకోండి. 672 కుటుంబాలకు కొత్త ఇళ్లు కట్టివ్వడానికి 2008లో ఒప్పందం కుదిరింది. సంతకం చేసిన మూడు పక్షాల్లో ఒకటి గృహనిర్మాణ సంస్థ మహాడా, అంటే ప్రభుత్వమే. అంత పెద్ద చెయ్యి ఉన్నా కొన్నేళ్లకు నివాసులకు ఇవ్వాల్సిన తాత్కాలిక అద్దె సొమ్ము ఆగిపోయింది, ఇళ్లు లేవలేదు. వాళ్ల ఇళ్లు కట్టకుండానే బిల్డరు సంస్థవారు నిర్మాణ హక్కులను వేరే బిల్డర్లకు అమ్ముకున్నారన్నది ఈడీ అభియోగం. 2018లో మహాడా ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. ఇందులో దురాశ పాలు ఎంతో కోర్టులు తేలుస్తాయి. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది లెక్కలోని లోపం. అద్దెదారు బయటికి వెళ్లి కట్టడం కూలిన మరుక్షణం అతని చేతిలో బేరమాడే బలం ఏదీ మిగలదు. బిల్డరుకు డబ్బు వచ్చేది బయటివారికి అమ్మే ఫ్లాట్ల నుంచి. పాతవారి ఇళ్లు అతనికి ఖర్చు మాత్రమే. అలాంటప్పుడు ఏది ముందు లేస్తుందో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. తాత్కాలిక వసతి కోసం పెట్టిన ట్రాన్సిట్ క్యాంపుల్లోనే దశాబ్దాలుగా ఉండిపోయిన కుటుంబాలు ముంబైలో ఉండటానికి ఇదీ ఒక కారణం.

వర్లీలోని బీడీడీ చాళ్ల కథ వేరుగా నడిచింది. 1920లలో కట్టిన ఆ 160 చదరపు అడుగుల గదులకు బదులు 500 అడుగుల ఫ్లాట్లు ఇస్తామన్నారు. ట్రాన్సిట్ ఇల్లు వద్దన్నవారికి నెలనెలా అద్దె ఇచ్చారు. 2017లో శంకుస్థాపన జరిగితే తొలి 556 కుటుంబాలకు తాళాలు అందింది 2025 ఆగస్టులో. ఎనిమిదేళ్లు! ఆలస్యమే, కాదనను. అయినా జనం తిరిగొచ్చారు. ఇక్కడ పనిని, అద్దెను రెండిటినీ నడిపే బాధ్యత మహాడాదే.

ఇలా ముందే పూచీ రాసివ్వాలన్నదానికి ఇంటి యజమానుల అభ్యంతరం ఒకటుంది, అది కొట్టిపారేసేది కాదు. ముందుగా పెద్ద మొత్తం కట్టి నామమాత్రపు అద్దెకు ఉండే పగిడీ ఇళ్లలో అద్దెలు ఎంత తక్కువంటే ఆ రాబడితో పైకప్పు మరమ్మతు కూడా సాగదు. పైగా ముందస్తు పూచీలు అడిగితే ఏ ప్రాజెక్టూ గిట్టదు అంటారు. గిట్టుబాటు కోసమే కదా ప్రభుత్వం అదనపు అంతస్తులు ఇస్తోంది? ఆ లాభంలో కొంత బ్యాంకు గ్యారంటీగా ముందే కట్టించడం అన్యాయం కాదు. తాత్కాలిక అద్దె కష్టనష్టాలకిచ్చే పరిహారమే తప్ప ఆదాయం కాదని బాంబే హైకోర్టు 2024లో చెప్పింది. పరిహారమైనప్పుడు అది దాత ఇష్టం మీద నడవకూడదు. కూలబోయే భవనంలో బేరాలేమిటి, ముందు ప్రాణాలు కాపాడుకోవాలి కదా అన్నది ఇంకో మాట. నిజమే, అక్కడ వెంటనే ఖాళీ చేయాల్సిందే. కానీ ఖాళీ చేసినంత మాత్రాన హక్కు పోకూడదు. ఎవరు ఎన్ని అడుగుల్లో ఉన్నారో కొలిచి, జాబితా చేసి, సంతకం పెట్టి ఇవ్వడానికి ఒక రోజు చాలు.

మన దగ్గర? మరమ్మతు కోసం ఖాళీ చేయించే యజమాని పని అయ్యాక ఆ ఇంటిని పాత అద్దెదారుకే ఇస్తానని పూచీ ఇవ్వాలని 1960 నాటి ఉమ్మడి రాష్ట్ర అద్దె చట్టం చెప్పింది. కాకపోతే అద్దె మొత్తానికి, కట్టడం వయసుకు పరిమితులుండటం వల్ల నేటి ఫ్లాట్లలో చాలావాటికి అది అందదు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకా వెనక్కి తగ్గింది: ఇద్దరూ ఒప్పుకుని కొత్త ఒప్పందం రాసుకుంటేనే తిరిగి ప్రవేశం. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మీరు అద్దెకుంటున్న అపార్ట్‌మెంటు పునర్నిర్మాణానికి వస్తే, తాళాలు చేతికిచ్చే ముందే తిరిగొచ్చే తేదీ, అప్పటి అద్దె, ఆలస్యమైతే నెలకు ఎంత ఇస్తారు అన్నవి రాయించుకోండి. మీ పేరు, ఫ్లాటు కొలత ఆ కాగితంలో ఉన్నాయో లేదో చూసుకోండి. యజమాని మంచివాడే అయినా సరే రాయించుకోండి. పని ముగిసేలోపు ఆ ఫ్లాటు ఇంకొకరికి అమ్ముడుపోవచ్చు.