రెండు పాత కంప్యూటర్లను తీగతో కలుపు విధము

సహకార సంఘమునకు పద్దే ప్రాణము. ఏ సభ్యుడు ఎంత వాటాధనము కట్టెనో, ఏ పంటకు ఎంత అప్పు గొనెనో, అందెంత తీర్చెనో తెలుపునది పద్దే. ఆ పద్దు పోయినచో చెల్లించిన బాకీ చెల్లలేదను తగవు వచ్చును, నష్టపడువాడు రైతు.

2022వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. ఇట్టి మార్పు కలిగినప్పుడు పూర్వపు పద్దులను క్రొత్త యంత్రమున కెక్కింపవలసి యుండును. పాత యంత్రమున ఫ్లాపీ పెట్టె చెడిపోయి, యు.ఎస్.బి. ద్వారము లేకున్నచో పద్దు వెలుపలికి వచ్చు దారి యేది? దారి కలదు. మూడు తీగల త్రాడొకటి చాలును.

పాత కంప్యూటరు వెనుక తొమ్మిది సూదులుగల చిన్న ద్వారముండును. దానిని సీరియల్ పోర్టందురు. అందు 3వ సూది మాటలాడు నోరు. 2వ సూది వినెడు చెవి. 5వది రెంటికిని ఉమ్మడి మట్టము. అడుగు తెలియనిదే నూతిలో నీటి లోతు కొలువరానట్లు, ఈ మట్టము లేనిదే విద్యుత్ సంకేతమును కొలువజాలము. నోటికి నోరు చేర్చి ఇరువురు మాటలాడినచో ఒకరి మాట యొకరికి వినబడదు. కావున ఒకదాని నోటిని రెండవదాని చెవికి చేర్పవలెను. త్రాటిలోని కీలకమంతయు నిదియే.

తొమ్మిది రంధ్రముల కొనలు రెండు, మూడు పోగుల తీగ, సోల్డరింగు కడ్డీ, టంకము కావలెను. త్రాడు 15 మీటర్లకు మించరాదు. రెండు మూడు మీటర్లైన మేలు. మొదటి కొన 2ను రెండవ కొన 3కును, మొదటి కొన 3ను రెండవ కొన 2కును, 5ను 5కును టంకముతో అతుకవలెను. కొనను త్రిప్పి చూచినప్పుడు వరుస తారుమారుగా గనబడును గావున, రంధ్రముల ప్రక్కనున్న అంకెలనే నమ్మవలెను. పిమ్మట మల్టీమీటరుతో మూడు దారులను పరీక్షించి, ఒక పోగు మరియొక పోగును తాకకుండుట చూడవలెను.

రెండు యంత్రములను ఆర్పిన పిమ్మటనే త్రాడు తగిలింపుడు. రెంటికిని ఎర్తు సరిగానున్న ఒకే పలక నుండి విద్యుత్తు నిండు. ఉరుములు మెరుపులున్న వేళ ఈ పని తలపెట్టరాదు.

విండోస్ 95, 98, ఎక్స్‌పి. యంత్రములలో హైపర్ టెర్మినల్ అను సాధనము కలదు. రెండు వైపులను వేగము 9600, డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్టు 1, ఫ్లో కంట్రోలు లేదు అని ఒకే రీతిగా నిర్ణయింపుడు. ఒక యంత్రమున టైపు చేసిన అక్షరము రెండవదానిపై గనబడిన త్రాడు కుదిరినట్లే.

కనబడనిచో త్రాటి రెండవ కొనను ఊడదీసి, దాని 2, 3 రంధ్రములను చిన్న తీగతో కలుపుడు. టైపు చేసిన అక్షరము తిరిగి తన తెరమీదికే వచ్చినచో ఈ యంత్రము మంచిదే. ఇట్లే రెండవ వైపునను చూచిన లోపమెచట నున్నదో తెలియును.

ఇక లెక్కల ప్రోగ్రామును మూసి, అందుకొను యంత్రమున రిసీవ్ ఫైల్, పంపు యంత్రమున సెండ్ ఫైల్ అనుదానిని ఎన్నుకొనుడు. రెంటను జెడ్-మోడెమ్ పద్ధతినే కోరుడు. దారిలో చెడిన భాగమును అది కనిపెట్టి మరల తెప్పించుకొనును. ఒక్కొక్క బైటునకు 10 బిట్లు పట్టును గావున సెకనునకు 960 బైట్లు పోవును. పది లక్షల బైట్ల పద్దునకు సుమారు పదునెనిమిది నిమిషములు పట్టును. ఓపిక కావలెనుగాని ఖర్చు లేదు.

ఫైలు చేరినంతనే పని ముగిసెనని తలపరాదు. రెండు చోట్ల బైట్ల సంఖ్య సరిపోవలెను. పిదప క్రొత్త ప్రతిని తెరచి, కొందరు సభ్యుల వాటాధనమును, అప్పు నిలువను కాగితపు పద్దుతో పోల్చవలెను. పాలకవర్గము చూచి సరియని వ్రాసికొనువరకు పాత యంత్రములో ఒక్క యక్షరమైనను చెరుపరాదు. క్రొత్త విత్తనము మొలకెత్తక మునుపే పాత గింజలను అమ్ముకొను రైతుండునా? పద్దు విషయమునను అంతే.