పైపూత ఖరీదు



మా సంఘమున్నది అనంతపురం ప్రాంతములోని ఒక చిన్న ఊరిలో. పడమటి కనుమలు వాన మేఘాలను అడ్డగించడం వలన ఈ నేల ఎప్పుడూ దప్పికతోనే ఉంటుంది. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే వాన ఎక్కువగా కురుస్తుంది. ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇటువంటి చోట వేరుసెనగ పండించే రైతు పడే పాట్లు అందరికీ తెలిసినవే. ఆరుబయట నిలబడిన కర్ర కంచె కూడ పాట్లు పడుతుందని మాత్రము, దానికి రంగు వేయించబోయి మేము నేర్చుకున్నాము. ఆ సంగతిని, అందులో మేము చేసిన తప్పుతో సహా, మీ ముందు ఉంచాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పండుగ గడిస్తే చాలునన్నాము

మందిరము ముందు వంద అడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు గల కర్ర కంచె ఉన్నది. మేకలు లోపలికి రాకుండ, సండేస్కూలు పిల్లలు రోడ్డుమీదికి పోకుండ పెద్దలు వేయించినది. 2018 మే నెలలో మందిర ప్రతిష్ఠ పండుగ దగ్గరపడింది. కంచె చూస్తే రంగు వెలిసిపోయి బూడిద వర్ణానికి వచ్చింది. ఊరిలోని పెయింటరును పిలిపించాము. అతడు కంచె చుట్టూ తిరిగి, రెండుమూడు చోట్ల గోటితో గీకి చూచి, “అయ్యగారూ, పాత రంగంతా గీకాల. ప్రైమరు కొట్టి, పైన రెండు కోట్లు వేయాల. పదిహేను వేలు దాటుతుంది” అన్నాడు.

కమిటీలో అందరమూ ఉలిక్కిపడ్డాము. ఆ సంవత్సరము పంటలు కూడ సరిగా లేవు. “ఇంత చిన్న కంచెకా? గీకేది వద్దు, ప్రైమరు వద్దు. ఒక్క కోటు వేయవయ్యా, పండుగ గడిస్తే చాలు” అన్నాము. 7,000 రూపాయలకు ఒప్పించాము. “నిలవదు అయ్యగారూ” అని అతడు రెండుసార్లు చెప్పాడు. మేము వినలేదు.

పండుగనాటికి కంచె తళతళలాడింది. అందరూ మెచ్చుకున్నారు. అతనికి 5,500 ఇచ్చి, మిగిలిన 1,500 పండుగ కానుకలు వచ్చాక ఇస్తామన్నాము. కానుకలు వచ్చాయి గాని వేరే ఖర్చులకు పోయాయి. వచ్చే నెల అన్నాము, తరువాత ఆ పై నెల అన్నాము. ఇంతలో అక్టోబరు వానలు కురిశాయి. కంచె మీది రంగు అరచేయి అంత పెచ్చులుగా లేచిపోయింది. అతడు మరలా బాకీ అడుగ వచ్చినప్పుడు ఆ పెచ్చులు చూపించి, “ఇదేనా నీ పని?” అన్నాము. అతడు ఏమీ మాట్లాడకుండ వెళ్ళిపోయాడు. సంఘము డబ్బు మిగిల్చామని ఆనాడు మేము అనుకున్నాము.

రంగు ఎందుకు నిలువదు?

ఎద్దులబండి ఉన్న కాలములో మన పెద్దలకు తెలిసిన సంగతి ఒకటున్నది. ఎండాకాలములో బండి చక్రపు కర్ర ఎండి కుంచించుకుపోతుంది, ఇనుప పట్టా వదులవుతుంది. అప్పుడు చక్రాన్ని నీళ్ళలో నానవేస్తారు. కర్ర ఉబ్బి పట్టా మరల బిగిసిపోతుంది. కంచె కర్ర కూడ అంతే. ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. దాని మీది రంగు పొర కొత్తలో కొంత సాగుతుంది గాని, ఎండకు ఎండి గట్టిపడిన తరువాత సాగలేదు, పగులుతుంది. ఆ పగుళ్ళలోనుండి మొదటి వాననీరు లోపలికి దిగి, రంగును క్రిందినుండి లేపుతుంది. అందుకే మాకు నష్టము కనబడింది వానలలో గాని, అది మొదలైనది ఎండలోనే.

ఇది గాక సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు రంగును పట్టి ఉంచే బంకను క్రమముగా చెరుపుతాయి. బంక పోయిన తరువాత మిగిలేది పొడి. పాత గేటు మీద చేయి వేస్తే సున్నములా అంటుకునేది ఆ పొడియే. పొడి మీద వేసిన కొత్త రంగు కర్రను పట్టుకొనదు, పొడినే పట్టుకొంటుంది. పొడి రాలితే దానితోపాటు రాలుతుంది. మేము గీకుడు వద్దని మిగిల్చిన డబ్బు ఈ విధముగా నేలపాలయినది.

మరియొక తప్పు కాలములో ఉన్నది. మే నెల ఎండలో కాలుతున్న కర్రకు రంగు వేస్తే పైపొర వెంటనే ఆరిపోతుంది, లోపలి తడి చిక్కుబడి బుడగలు లేస్తాయి. మా ప్రాంతములో దీనికి తగిన కాలము వానలు వెళ్ళి ఎండ ముదరని జనవరి, ఫిబ్రవరి నెలలు. అప్పుడు కూడ ఉదయపు మంచు తడి ఆరిన తరువాతనే మొదలుపెట్టాలి, నీడను వెంబడిస్తూ పని చేయాలి. ఉదయము పడమటి ముఖము, సాయంత్రము తూర్పు ముఖము.

కూర్చుండి లెక్క చూచుట

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన మాట లూకా 14:28లో ఉన్నది. మేము నిలబడియే లెక్క వేశాము. వంద అడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, మొత్తము 400 చదరపు అడుగులు అనుకున్నాము. ఆ లెక్క గోడకు సరిపోతుంది, కంచెకు సరిపోదు.

మా కంచెలో మూడంగుళాల వెడల్పు, అంగుళము మందము గల పలకలు, మూడంగుళాల సందు విడిచి, 200 ఉన్నాయి. ఒక్కొక్క పలకకు ముందు, వెనుక, రెండు అంచులు కలిపితే 2.67 చదరపు అడుగులు. 200 పలకలకు సుమారు 533. వాటిని పట్టి ఉంచే రెండు అడ్డకర్రలకు నాలుగు వైపులా కలిపి సుమారు 167. మొత్తము 700 చదరపు అడుగులు. ప్రైమరు ఒకటి, రంగు రెండు, మూడు కోట్లకు 2,100. లీటరు రంగు ఒక కోటుకు సుమారు వంద చదరపు అడుగులు వస్తుందనుకుంటే 21 లీటర్లు కావాలి. ఎండిపోయిన పాత కర్ర ఇంకా ఎక్కువే త్రాగుతుంది. దీని మీద గీకే కూలి. ఇటువంటి పనిలో కూలి కూడ పెద్ద ఖర్చే. పెయింటరు చెప్పిన పదిహేను వేలలో అన్యాయమేమీ లేదు.

అవ్వ అడిగిన ప్రశ్న

2023 డిసెంబరులో కంచె సంగతి మరల కమిటీ ముందుకు వచ్చింది. అప్పటికి కొన్ని పలకలు పుచ్చిపోయాయి. ఎవరిని పిలవాలి, ఎంత పెట్టాలి అని మాట్లాడుతుండగా, మూలన కూర్చున్న ఒక విధవరాలు, వారము వారము తప్పక కానుక తెచ్చే అవ్వ, “ఆయప్పకు ఆ పాత బాకీ ఇచ్చినారా అయ్యగారూ?” అని అడిగింది.

ఎవరమూ జవాబు చెప్పలేదు. ఐదేండ్లుగా ఆ కంచె ప్రక్కనుండి నడిచి వెళ్ళి, పనివారి బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు వ్రాసిన మాట మీద మేము ప్రసంగము కూడ చేశాము. మా కంచెలోనుండి వచ్చే మొఱ్ఱ మాత్రము మాకు వినబడలేదు. సున్నము కొట్టిన సమాధులను గూర్చి ప్రభువు శాస్త్రులతో పరిసయ్యులతో చెప్పినది ఎవరికో చెప్పినట్టు చదువుకున్నాము.

మరునాడు ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకొని అతని ఇంటికి వెళ్ళాము. 1,500 కాక, ఆలస్యమునకు మరి 1,500 చేతిలో పెట్టి, “తప్పు మాదే, నీవు ముందే చెప్పినావు” అన్నాము. అతడు చాలాసేపు ఆ నోట్లవంకే చూచాడు. “ఆ పొద్దు ఇద్దరు కూలోళ్ళకు నా చేతినుంచి ఇచ్చినా అయ్యగారూ” అన్నాడు. మేము మిగిల్చామనుకున్న డబ్బు మాకంటె పేదవాని ఇంటినుండి వచ్చినదని అప్పుడు తెలిసింది.

ఈసారి చేసిన విధము

2024 జనవరిలో అతని చేతనే పని చేయించాము. పుచ్చిన పలకలు మార్చుటకు ఒక కుటుంబము వేపకర్ర ఇచ్చింది. పాత రంగు గీకి, ఉప్పుకాగితముతో రుద్ది, పగుళ్ళకు లప్పం పెట్టి, ప్రైమరు, రెండు కోట్లు. నీరు ముందుగా త్రాగేది కోసిన కొనలే గనుక పలకల పై కొనలకు అదనముగా పూయించాము. రంగుకు, కూలికి, తక్కిన సామానుకు కలిపి 22,400 రూపాయలయింది. ఏ రోజు కూలి ఆ సాయంత్రమే ఇచ్చాము. లేవీయకాండము 19:13 ప్రకారము కూలి తెల్లవారువరకు మన యొద్ద ఉండరాదు.

ఇంటిలో ఈ పని చేయించువారికి ఒక హెచ్చరిక. 2017 నవంబరు 1 నుండి మన దేశములో ఇంటి రంగులలో సీసము పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించరాదని నియమమున్నది. అంతకుముందు వేసిన రంగులలో అంతకు ఎక్కువే ఉండవచ్చును. సీసము పసిపిల్లల మెదడుకు హానికరము. కాబట్టి పాత రంగును తడిపి గీకించండి, క్రింద పట్టా పరచి ఆ పెచ్చులను ఎత్తివేయండి, పిల్లలను, గర్భిణీ స్త్రీలను దూరముగా ఉంచండి, గీకేవారి ముక్కుకు మాస్కు ఇవ్వండి. అవిసె నూనె వాడినవారు ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి పడవేయరాదు. వాటిలో వేడి తానే పుట్టి అంటుకొనగలదు. విప్పి ఆరబెట్టండి.

వారానికి మూడు రూపాయలు

ఒక్క కోటుకు పెట్టిన 7,000 ఒక్క సంవత్సరము కూడ నిలువలేదు. 22,400 నాలుగేండ్లు నిలిస్తే సంవత్సరానికి 5,600. చౌక అనుకున్నదే ప్రియమైనది. ఆ తరువాత రెండు ఎండాకాలాలు గడిచాయి. దక్షిణపు వైపు నిగారింపు తగ్గింది గాని పెచ్చు లేవలేదు. ప్రతి జనవరిలో యౌవనస్థులు కంచెను కడిగి, పగిలిన చోట్ల మాత్రము గీకి రంగు అద్దుతున్నారు.

యోవాషు రాజు ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వరకు యాజకులు మందిరపు శిథిలాలను బాగు చేయలేదని 2 రాజులు 12వ అధ్యాయములో చదువుతాము. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రము చేసి బలిపీఠము దగ్గర పెట్టాడు. అందులో పడిన డబ్బు పనివారికి చేరింది. మేమును అట్టి పెట్టె ఒకటి ద్వారము దగ్గర పెట్టాము. 5,600 రూపాయలను యాబది రెండు వారాలకు, మా నలుబది కుటుంబాలకు పంచితే, కుటుంబానికి వారానికి మూడు రూపాయలు కూడ పడదు. ఆ అవ్వ మొదటి వారమే పది రూపాయలు వేసింది.

ప్రియులారా, మీ ఇంటి గేటుకో, మీ మందిరపు తలుపుకో రంగు వేయించదలచినప్పుడు ముందు గీకవలసినది ఏమున్నదో చూడండి. ఎవరికైనా బాకీ ఉంటే మొదట అది తీర్చండి. ఆ తరువాత డబ్బా మూత తెరవండి. పైపూతను కాక అంతరంగమును చూచు దేవుడు మనకు సహాయము చేయునుగాక. ఆమెన్.